విత్తనాల బండ్ల వెంట

హైదరాబాద్ నుంచి ముంబయి రహదారి మీద సదాశివపేట దాటాక నేల రంగు గబగబా మారుతుంది. కాసేపు ఇటుక రంగు మొరం, కాసేపు నల్లరేగడి, మళ్ళీ మొరం. సంక్రాంతి వెళ్ళాక ఈ దారిన వచ్చేవాళ్ళు అదృష్టవంతులు. జహీరాబాద్ చుట్టుపక్కల రేగడి చేలల్లో యాసంగి జొన్న మనిషెత్తు దాటి కంకి వేసి ఉంటుంది. సాళ్ళ నడుమ శనగ, అక్కడక్కడ అవిసె నీలిపూలు, చేను చుట్టూ కుసుమ. కుసుమ ముళ్ళకు జడిసి పశువులు చేలో దిగవు. దాని పసుపు పూలు ముదిరేకొద్దీ నారింజ రంగుకు తిరుగుతాయి. ఈ పంటకు బోరు లేదు, కాలువ లేదు. వానాకాలంలో రేగడి తాగి దాచుకున్న తేమ, రాత్రిపూట కురిసే మంచు, అంతే. నీళ్ళూ ఎరువులూ అడగకుండా పండే ఈ పంటలను ఇక్కడి ఆడవాళ్ళు సత్యం పంటలు అంటారు.

నేను వెళ్ళింది ఆ ఆడవాళ్ళు నడిపే పాత పంటల జాతరకు. ఏటా సంక్రాంతి నాడు ఒక ఊళ్ళో మొదలై, ఫిబ్రవరి నడిమి దాకా ఊరూరా తిరిగి, ఝరాసంగం మండలంలోని మాచునూర్‌లో ముగుస్తుంది. ఇక్కడ గుడి చుట్టూ జనం చేరరు, జనం దగ్గరికే బండ్లు కదిలొస్తాయి. ఎడ్లబండ్ల నిండా విత్తనాలు. ముందు డప్పులు, కోలాటం. వెనుక ఆడా మగా, బడి ఎగ్గొట్టిన పిల్లలు, చూడవచ్చిన నాలాంటి వాళ్ళు.

బండ్లు బయలుదేరకముందే ఊరికి చేరితే మంచిది. నేను వెళ్ళిన ఊళ్ళో తెల్లవారేసరికే వాకిళ్ళన్నీ అలికి ఉన్నాయి. గోడలకు అడుగున జాజు, పైన సుద్ద, రెండింటి నడుమ వేలితో గీసిన జొన్న కంకుల వరుస. కంకికి ఒక నిలువు గీత, దాని చుట్టూ వేలికొసతో అద్దిన చుక్కలు. చూడ్డానికి సులువు. ఒక అక్క మాటల్లో ఉండగానే మూరెడు గోడ నింపేసింది, చుక్కలన్నీ ఒకే మందాన ఉన్నాయి. రచ్చబండ ముందు ముగ్గు వేశారు, పిండితో కాదు, గింజలతో. నడుమ కొర్రల బంగారు రంగు, దాని చుట్టూ తైదల ఎరుపు, తరువాత నల్ల నువ్వులు, అంచుకు పచ్చజొన్న. తొక్కకుండా పక్కనుంచి నడవమని పిల్లలే అందరికీ చెబుతున్నారు. జాతర కదలగానే ఆ గింజలను చీపురుతో ఊడ్చి పారెయ్యలేదు. ఇద్దరు కూర్చుని చేటల్లోకి ఎత్తి, చెరిగి, దేనికది వేరుచేశారు. నగరాల్లో ఎన్నో ప్రదర్శనలు చూశాను. బొమ్మకు వాడిన సరుకును మళ్ళీ తిండికి, విత్తనానికి తీసుకోవడం ఇక్కడే చూశాను.

బండ్ల అలంకరణ కూడా చేలో దొరికిన వాటితోనే. మామిడాకుల తోరణాలు, బంతిపూలు, జొన్న దంట్లు, కంది కొమ్మలు. ఎడ్ల కొమ్ములకు రంగులు, మెడలో గజ్జెలు. బండి మీద అసలైన అలంకారం మాత్రం విత్తనపు బుట్టలు. వాటిలో ఒకదాన్ని చేతికిచ్చి చూడమన్నారు. కంది కట్టెతో అల్లిన బుట్ట. లోపలా బయటా పేడ, ఎర్రమట్టి కలిపి మెత్తారు. లోపల అడుగున బూడిద, మీద ఎండిన వేపాకు, ఆ పైన ఎండలో కరకరలాడేదాకా ఎండబెట్టిన గింజలు, మళ్ళీ వేపాకు, మళ్ళీ బూడిద. మూతికి గడ్డి కుక్కి, మట్టితో మూసేస్తారు. విత్తే రోజు దాకా దాన్ని తెరవరు. పురుగు చేరదు, తేమ చేరదు. నాకు చూపించడానికి తెరిచిన బుట్టలోంచి వేపాకు ఘాటు, పాతింటి అటక వాసన కలిసి వచ్చాయి. అందులో ఉన్నవి సామలు, ఆవగింజ కన్నా కాస్త పెద్దవి. చెయ్యి పెడితే వేళ్ళ సందుల్లోంచి నీళ్ళలా జారిపోయాయి.

ఒకే బండి మీద ఎన్ని రకాలో చెప్పుకుంటూ పోతే పేజీ నిండుతుంది. జొన్నలోనే తెల్లవి, పచ్చవి, ఎర్రవి. సజ్జ, కొర్ర, సామ, తైద, అరిక. కంది, పెసర, మినుము, ఉలవ, అనుము, బొబ్బర. నువ్వు, వలిసె, అవిసె, కుసుమ. పుంటికూర గింజ, ధనియాలు, నీళ్ళు పెట్టకుండా పండే గోధుమ. ఇవన్నీ ఎక్కడెక్కడినుంచో సేకరించి తెచ్చినవి కావు. ఈ ప్రాంతంలో ఎకరం, రెండెకరాల చేలలోనే పదిహేను, ఇరవై రకాలు కలిపి వేస్తారు. కంది వేళ్ళు లోతుకు పోతాయి, జొన్న వేళ్ళు పైపొరలో పాకుతాయి. పప్పుజాతి మొక్కలు గాలిలోని నత్రజనిని నేలకు పట్టి ఇస్తే పక్కన ఉన్న జొన్న అందుకుంటుంది. వాన ముందుగా ఆగిపోతే పెసర చేతికొస్తుంది, ఆలస్యంగా కురిస్తే కంది గట్టెక్కిస్తుంది. ఒకటి పోయినా ఇంకొకటి పొయ్యి మీదికి వస్తుంది. బ్యాంకులు పంటల బీమా గురించి మాట్లాడటం మొదలుపెట్టకముందే పేద రైతు కట్టుకున్న బీమా ఇది.

ఈ జాతర వెనుక ఉన్న కథ 1983లో మొదలవుతుంది. ఆ ఏడాది ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో బియ్యం 2 రూపాయలకే ఇచ్చే పథకం తెచ్చింది. ఆకలితో ఉన్నవాళ్ళకు అది గొప్ప ఆసరా, దాన్ని తక్కువ చేసి మాట్లాడటం తప్పు. అయితే ఎక్కడో నీటి కింద పండిన తెల్లబియ్యం మెట్టప్రాంతాల పళ్ళేల్లోకి చేరేకొద్దీ జొన్నచేలు బీడు పడటం మొదలైంది. తినేవాళ్ళు లేని పంటను ఎవరు వేస్తారు? సరిగ్గా అదే ఏడు జహీరాబాద్ పక్కన పస్తాపూర్ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పుట్టింది. దూరదర్శన్‌లో పనిచేసిన పి.వి. సతీష్, ఆయన మిత్రులు దానికి పునాది వేశారు. ఊరూరా ఆడవాళ్ళు, అందులోనూ ఎక్కువగా దళిత మహిళలు, సంఘాలు కట్టారు. ఇప్పుడు దాదాపు 75 ఊళ్ళలో 5,000 మంది సభ్యులున్నారు. సతీష్ 2023 మార్చిలో కన్నుమూశారు. ఆయన పోయాక కూడా బండ్లు కదులుతూనే ఉన్నాయి. అది ఆయన ఒక్కడి జాతర కాదనడానికి ఇంతకు మించిన రుజువు అక్కర్లేదు.

ఈ సంఘాల ఆడవాళ్ళు చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది 1990ల నడుమ మొదలుపెట్టిన జొన్న రేషను. బీడు పడ్డ భూములు దున్నుకోవడానికి సంఘం రైతులకు అప్పిచ్చింది. ఆ అప్పును వాళ్ళు డబ్బుగా కాక జొన్నలుగా కొన్నేళ్ళపాటు తీర్చారు. ఆ జొన్నలు ఊళ్ళోనే నిలవచేసి, పనులు దొరకని వానాకాలంలో పేదలకు తక్కువ ధరకు ఇచ్చారు. ఎవరు పేదవాళ్ళో తేల్చింది అధికారి కాదు. నేల మీద రంగుపొడులతో ఊరి పటం గీసి, ఇల్లిల్లూ చర్చించి, ఊరివాళ్ళే తేల్చారు. బీడు సాగులోకి వచ్చింది, కూలి దొరికింది, పశువులకు చొప్ప దొరికింది, తినే తిండి ఊళ్ళోనే పండింది. ఈ లెక్కకు పెద్ద పెద్ద ప్రణాళికల్లో చోటు దొరకలేదని నాకిప్పటికీ బాధే.

విత్తనాల లెక్క కూడా అలాంటిదే. సంఘం విత్తన బ్యాంకులో ఒక మానెడు గింజలు తీసుకుంటే, పంట వచ్చాక దానికి ఒకటిన్నర రెట్లో రెండింతలో తిరిగి ఇవ్వాలి. డబ్బు ముట్టుకోరు. జాతరలో ఈ ఇచ్చిపుచ్చుకోవడం కళ్ళముందే జరుగుతుంది. పొరుగూరి నుంచి వచ్చిన ఒక అవ్వ బండి దగ్గర నిలబడి, పుల్లకంకి కొర్ర ఉందా అని అడిగింది. అది తమ ఊళ్ళో పోయిందట. బండి మీది ఆమె సోలెడు తీసి కొంగులో పోసింది. అవ్వ గింజలు రెండు నోట్లో వేసుకుని కొరికి చూసి, ముడి వేసుకుని వెళ్ళిపోయింది. సంతకం లేదు, రసీదు లేదు.

ఊరి పొలిమేరలో బండ్లను ఎదుర్కోవడానికి ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు తెచ్చి ఎడ్ల కాళ్ళ మీద పోస్తారు. పసుపు, కుంకుమ, హారతి. పెళ్ళివారిని ఊళ్ళోకి తీసుకెళ్ళినట్టే విత్తనాలను తీసుకెళ్తారు. ఆ తరువాత రచ్చబండ దగ్గర సభ. సభ అంటే ఉపన్యాసాలు కొన్ని ఉంటాయి, వాటిని దాటేస్తాను. అసలు సంగతి వాటి తరువాత, రైతులు నోరు విప్పినప్పుడు మొదలైంది.

ఒక కుర్రాడు లేచి, ‘చెరుకు ఏస్తే ఫ్యాక్టరీ తీసుకుంటది, పత్తి ఏస్తే వ్యాపారి ఇంటికొస్తడు, కొర్రలు ఎవరు కొంటరు?’ అని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. సభలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒక పెద్దామె లేచి, ‘ముందుగాల మనం తినాలె బిడ్డా, మిగిలింది అమ్మాలె. నువ్వు అమ్మేది ముందు సూస్తున్నవు’ అంది. ఆమె మాటకు చప్పట్లు పడ్డాయి. కుర్రాడి ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది, మిగలాలి కూడా. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక నగరాల్లో కొర్రలకు గిరాకీ పెరిగింది. అందమైన పొట్లాల్లో కిలో ఎంత పలుకుతోందో మనకు తెలుసు. అందులో చేనుకు చేరేదెంతో ఈ సభలో కూర్చుంటే అర్థమవుతుంది.

ఇంకో మాట కూడా అక్కడే విన్నాను. చిరుధాన్యాలు వెనకబడటానికి బియ్యం ఒక్కటే కారణం కాదని ఒక నడివయసు అక్క చెప్పింది. కొర్ర, సామ, అరిక పొట్టు తియ్యడం నరకం. రోట్లో పోసి దంచి, చెరిగి, మళ్ళీ దంచి, పూటకు సరిపడా బియ్యం తీసేసరికి భుజాలు పడిపోయేవి. రేషను బియ్యం వచ్చినప్పుడు ఊపిరి పీల్చుకున్నది మొదట ఆడవాళ్ళే. పాత తిండిని పొగిడేవాళ్ళు తరచు ఈ సంగతి వదిలేస్తారు. పొట్టు తీసే చిన్న మరలు ఊళ్ళకు రావడం విత్తనాలను కాపాడటమంత ముఖ్యం. విత్తనం బుట్టలో భద్రంగా ఉన్నా, దంచే చెయ్యి అలసిపోతే ఆ పంట బతకదు.

మధ్యాహ్నం తిండి. దాని గురించి తొందరగా చెప్పి వదిలెయ్యలేను. కట్టెల పొయ్యిలు వరసగా పెట్టారు. జొన్న రొట్టెకు పిండిని మరిగిన నీళ్ళతో కలిపి, అరచేతి మొదలుతో గట్టిగా పిసికి, ముద్దను పీట మీద పెట్టి చేతితో కొడతారు. కొడుతూ ఉంటే అది తనంతట తాను తిరుగుతూ విచ్చుకుంటుంది. పెనం మీద వేశాక పైన నీళ్ళు అద్దుతారు, లేకపోతే పగుళ్ళు వస్తాయి. తిప్పి నిప్పుల మీద పెట్టగానే పొంగుతుంది. పచ్చజొన్న రొట్టెకు తెల్లజొన్న కన్నా రుచి కాస్త తియ్యన. ఆ సంగతి తిన్నవాళ్ళకే తెలుసు, ఎందుకంటే పచ్చజొన్న బజారులో కనపడటం ఇప్పుడు అరుదు. నువ్వులద్దిన సజ్జ రొట్టె, పుంటికూర పప్పు, అనుముల కూర, అవిసె గింజల పొడి మీద కుసుమ నూనె. కొర్రబువ్వలో పలచటి మజ్జిగ. చివర మలీద, రొట్టెను చిదిమి బెల్లంతో కలిపి ముద్ద కట్టినది. వడ్డించే ఆమె రెండోసారి అడగదు, పెట్టేస్తుంది.

ఆ సాయంత్రం ఒక చేలో ఊసబియ్యం తిన్నాం. జొన్న కంకి పాలు పోసుకుని, ఇంకా గట్టిపడకముందు కోసి, పిడకల నిప్పుల్లో కాలుస్తారు. వేడి కంకిని గోనెపట్టా మీద చేతుల మధ్య నలిపితే పచ్చటి గింజలు రాలతాయి. చేటలో ఊది పొట్టు ఎగరేసి దోసిట్లో పోస్తారు. లేత తీపి, పొగ వాసన. పక్కన వెల్లుల్లి కారం పెట్టారు. ఇది ఏడాదిలో కొద్ది రోజులే దొరుకుతుంది. కంకి రెండు రోజులు ముదిరితే లేదు, దూరం తీసుకుపోతే లేదు. దుకాణంలోకి రాని రుచుల్లో ఇదొకటి. చేను దగ్గరికే వెళ్ళి తినాలి.

అదే చేను గట్టున ఎండిన గునుగు మొక్కలు నిలబడి ఉన్నాయి. నాతో వచ్చిన అక్క ఒకదాన్ని విరిచి చేతిలో దులిపింది, నల్లటి మెరిసే గింజలు రాలాయి. మందులు కొట్టే చేలల్లో ఇది కలుపు. ఇక్కడ వాన పడ్డాక లేత ఆకు కూరకు కోస్తారు. గంగవాయిలి, పొన్నగంటి, చెంచలి, తుమ్మి, దొగ్గలి అన్నీ ఇలాగే విత్తకుండా వచ్చి కూరయ్యేవి. చేనులేని ఆడవాళ్ళు కూడా కలుపుకు వచ్చి ఒడినిండా కోసుకుపోతారు, ఎవరూ వద్దనరు. గునుగు ముదిరి పూసేసరికి బతుకమ్మ వస్తుంది. గునుగు తెల్లపూలకు రంగులద్ది, తంగేడుతో, బంతితో దొంతరలు పేరుస్తారు. తెలంగాణ ఆడబిడ్డ పెరుగుతూ మొట్టమొదట నేర్చుకునే పూలకళ ఇదే. ఆ కళకు సరుకు ఇచ్చేది తోట కాదు, కలుపుమందు పడని చేను. గునుగు దొరకడం లేదని ఇప్పుడు పట్నాల్లో బతుకమ్మ కోసం పూలు కొంటున్నాం. కూర పోయిన చోటే పువ్వు కూడా పోయింది. బతుకమ్మ మనకు రాష్ట్ర పండుగ. దాని పూలు పూసే చేలను కాపాడటం కూడా ఆ పండుగలో భాగం కావాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇటు పక్కన కన్నడం మాట్లాడే బీదర్. అక్కడ ఎళ్ళ అమావాస్య నాడు ఇంటిల్లిపాదీ చేలోకి వెళ్ళి, జొన్న దంట్ల కింద రాళ్ళను పాండవులుగా నిలిపి పూజించి, చిక్కుడూ శనగా కలిపి వండిన భజ్జీ, సజ్జ రొట్టె, అంబలి తింటారు. భాష మారినా పంట ఒకటే కాబట్టి పండుగ కూడా దగ్గరి చుట్టమే. జాతర ముగిసే మాచునూర్‌కు బయలుదేరాను. దారిలో ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వరుడి గుడి ఉంది. శివుడికి నిషేధమని పురాణాలు చెప్పే మొగలిపువ్వును ఇక్కడ ఆయనకే పెడతారు. దర్శనం చేసుకుని మాచునూర్ వెళ్ళాను.

మాచునూర్‌లో పచ్చసాలె ఉంది. పనికి పోయే పిల్లల కోసం మట్టితో కట్టిన బడి. చదువుతో పాటు సేద్యం, కుండల పని, వడ్రంగం నేర్పుతారు. అదే ఊళ్ళో సంఘం రేడియో, 90.4 ఎఫ్‌ఎం మీద. 2008 అక్టోబరు 15న మొదలైంది. పల్లె దళిత మహిళలు సొంతంగా నడిపే స్టేషను. విత్తనాల ముచ్చట్లు, పాటలు, వంటలు వాళ్ళ భాషలోనే వినిపిస్తారు. ఇంకొందరు సంఘం ఆడవాళ్ళు కెమెరా పట్టి సినిమాలు తీశారు, వరంగల్ బీటీ పత్తి రైతుల గోడును మొదట్లోనే చిత్రించింది వాళ్ళే. 2019లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ పురస్కారం వచ్చింది.

ఇదే ఝరాసంగం, దాని పక్కనున్న న్యాల్‌కల్ మండలాల్లో జాతీయ పెట్టుబడి, ఉత్పత్తి మండలం పేరుతో 12,000 ఎకరాలకు పైగా భూమిని పరిశ్రమల కోసం సేకరించే పని ఏళ్ళుగా నడుస్తోంది. పరిశ్రమలు వద్దని నేను అనను. అయితే పటంలో మెట్ట, బంజరు అని రాసి ఉన్న చోట ఇరవై పంటలు పండుతున్నాయని పటం గీసేవాళ్ళు ఒక్కసారి జనవరిలో వచ్చి చూడాలి. పరిహారం లెక్క కట్టే కాగితంలో ఊసబియ్యానికి, గునుగుకూరకు గడి ఉండదు. పోయాక వాటిని కొనిచ్చే డబ్బు కూడా ఉండదు.

సంక్రాంతికీ ఫిబ్రవరి నడిమికీ మధ్య వీలు చేసుకుని వెళ్ళండి. హైదరాబాద్ నుంచి జహీరాబాద్‌కు బస్సులు తరచు ఉంటాయి, రైలు కూడా ఉంది. పస్తాపూర్‌లో అడిగితే ఆ రోజు బండ్లు ఏ ఊళ్ళో ఉన్నాయో చెబుతారు. పిల్లలను తీసుకెళ్ళండి, జొన్న కంకిని వాళ్ళ చేతులతో నలపనివ్వండి. తిరిగొచ్చాక నెలకు అయిదు కిలోల జొన్నలైనా రైతుల సంఘాల దగ్గర కొనండి, పచ్చజొన్న ఉందా అని పేరు పెట్టి అడగండి. ఆ కుర్రాడు సభలో అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది మనమే.